జెనిసిస్ తొలి ఆల్బమ్‌ను ఎలా వినాలి

‘ఫాక్స్‌ట్రాట్’, ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్’ వంటి ఆల్బమ్‌ల ద్వారా జెనిసిస్ అనే ఇంగ్లండ్ రాక్ బృందాన్ని ఇష్టపడినవారు, అది ఎక్కడ మొదలైందో చూద్దామన్న కుతూహలంతో ‘ఫ్రమ్ జెనిసిస్ టు రెవెలేషన్’ పెట్టుకుని మూడో పాట ముగియకముందే ఆపివేయడం తరచుగా జరుగుతుంది. ఇరవై మూడు నిమిషాల ‘సప్పర్స్ రెడీ’ని ఊపిరి బిగబట్టి విన్న చెవికి ఈ పదమూడు పొట్టి పాటలు, వాటి మీద పాకం పోసినట్టు పరుచుకున్న వయొలిన్లు, ఇంకా కుదురుకోని గొంతు నిరాశ కలిగించడంలో ఆశ్చర్యం లేదు. నేను కూడా మొదటిసారి అలాగే మధ్యలో ఆపాను. అయితే ఏళ్ల తరబడి పదేపదే విన్న తరువాత నాకు తేలినది ఏమిటంటే, ఈ ఆల్బమ్‌లోని ఎగుడుదిగుడుకు కారణం కొన్ని పాటలు మంచివై కొన్ని చెడ్డవి కావడం మాత్రమే అనుకుంటే పొరపాటు. దాదాపు ప్రతి పాటలోనూ ఇద్దరి ఇష్టాలు పక్కపక్కనే నడుస్తున్నాయి: ఒకటి ఆ పాటలు రాసిన బడిపిల్లలది, మరొకటి వాటిని పాప్ పాటలుగా తీర్చిదిద్దాలనుకున్న నిర్మాతది. ఈ రెండింటినీ విడదీసి వినడం నేర్చుకుంటే ఆల్బమ్ పూర్తిగా వేరుగా వినిపిస్తుంది, అలా విడదీయడానికి ఒక చాలా సులువైన మార్గం కూడా ఉంది.

ఇందుకు కావలసినవి ఎక్కువేమీ లేవు. ఆల్బమ్ నిడివి ముప్పావు గంటకు కాస్త తక్కువ కనుక గంట చొప్పున మూడు విడతలు, ఎడమా కుడీ స్పష్టంగా వినిపించే హెడ్‌ఫోన్, శబ్దాన్ని ఒక పక్కకు జరపగల బ్యాలెన్స్ సదుపాయం, ఒక కాగితం, ఒక పెన్సిలు చాలు. వీటికి తోడు 1998లో వెలువడిన ‘జెనిసిస్ ఆర్కైవ్ 1967–75’ అనే నాలుగు డిస్కుల సంపుటిలోని చివరి డిస్కు అందుబాటులో ఉంటే పని సగం తేలికవుతుంది. మూడు విడతలనూ ఒకే రోజున పెట్టుకోకపోవడం మంచిది, ఎందుకంటే ఈ పాటల్లో తీపి ఎక్కువ. వరుసగా వింటే చెవికి మొహం మొత్తి, మంచిది కూడా మంచిగా తోచదు.

వినడానికి ముందు

చరిత్ర తెలియకుండా విని ఆనందించదగిన ఆల్బమ్‌లు చాలా ఉన్నాయి గాని, ఇది ఆ కోవలోనిది కాదు. ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో, గోడాల్మింగ్ అనే ఊరి దగ్గర చార్టర్‌హౌస్ అనే పాత పాఠశాల ఉంది. 1960ల మధ్యలో ఆ బడిలో రెండు చిన్న సంగీత బృందాలు ఉండేవి. పీటర్ గేబ్రియల్, టోనీ బ్యాంక్స్ ‘గార్డెన్ వాల్’ అనే బృందంలోను, ఆంథొనీ ఫిలిప్స్, మైక్ రూథర్‌ఫర్డ్ ‘అనాన్’ అనే బృందంలోను ఉండేవారు. ఆ రెండూ కరిగిపోయాక ఈ నలుగురూ ఒకచోట చేరారు. ఒక విషయం ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి: వీరు మొదట తమను వేదిక మీద వాయించే బృందంగా కాక, పాటలు కట్టి ఇతరుల చేత పాడించుకునే రచయితలుగా భావించుకున్నారు. ఆల్బమ్‌లో వాయిద్యపు పట్టు కన్నా బాణీల మీద శ్రద్ధ ఎక్కువగా వినిపించడానికి ఇదే మూలం.

అదే బడిలో చదివి, 1965లో ‘ఎవ్రీవన్స్ గాన్ టు ది మూన్’ అనే పాటతో పేరు తెచ్చుకున్న జోనథన్ కింగ్ ఒకసారి పాత విద్యార్థిగా అక్కడికి వచ్చినప్పుడు, పిల్లల టేపు ఒక మిత్రుని ద్వారా ఆయన చేతికి చేరింది. గేబ్రియల్ గొంతు ఆయనకు నచ్చింది. బృందానికి జెనిసిస్ అన్న పేరు పెట్టినవాడూ, డెక్కా రికార్డు కంపెనీ ద్వారా వారి పాటలు వెలువడేలా చేసినవాడూ ఆయనే. ఆయనకు ఇష్టమైనవి చిన్నవీ సూటియైనవీ అయిన పాప్ పాటలు. పిల్లలు కట్టే బాణీలు రానురాను మలుపులు తిరుగుతుంటే ఆయన ఉత్సాహం తగ్గసాగింది. ఆయనకు నచ్చిన బీ జీస్ బృందం ధోరణిలో పిల్లలు కావాలని కట్టిన పాటే ‘ది సైలెంట్ సన్’. అది 1968 ఫిబ్రవరిలో విడి రికార్డుగా వచ్చి, ఎవరి దృష్టికీ రాకుండా పోయింది. ఆ ఏడాది మే నెలలో వచ్చిన ‘ఎ వింటర్స్ టేల్’ గతి కూడా అంతే. అయినా కింగ్ వెనుదీయక, ఈసారి పూర్తి ఆల్బమ్ చేద్దామన్నాడు. విడివిడి పాటలను కలిపే దారంగా బైబిలు కథను సూచించినదీ ఆయనే.

1968 ఆగస్టులో, వేసవి సెలవుల్లో, లండన్‌లోని డెన్మార్క్ వీధిలో ఉన్న రీజెంట్ సౌండ్ స్టూడియోలో రికార్డింగు జరిగింది. తొలి రికార్డుకు డ్రమ్స్ వాయించిన క్రిస్ స్టూవర్ట్ స్థానంలోకి అప్పటికి జాన్ సిల్వర్ వచ్చాడు. గేబ్రియల్‌కు, బ్యాంక్స్‌కు అప్పుడు 18 ఏళ్లు, రూథర్‌ఫర్డ్‌కు 17, ఫిలిప్స్‌కు 16. ఈ వయసులను కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోమంటాను. పిల్లలు కదా అని జాలిపడేందుకు ఈ మాట చెప్పడం లేదు. ప్రతిరోజూ బడి ప్రార్థనా మందిరంలో కీర్తనలు పాడుతూ, సెలవు వేళల్లో బీటిల్స్‌నూ అమెరికన్ సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్‌నూ వింటూ పెరిగిన చెవులు ఈ పాటలను కట్టాయని గుర్తున్నప్పుడు, ఆర్గన్ మీద వచ్చే గంభీరమైన స్వర సముదాయాలు ఎక్కడివో, గేబ్రియల్ హఠాత్తుగా గొంతు చించుకుని పాడే చోట్లు ఎక్కడివో వెంటనే పోల్చుకోగలుగుతాం.

ఏ ప్రతిని ఎంచుకోవాలి

ఆల్బమ్ 1969 మార్చిలో విడుదలైంది. అమెరికాలో జెనిసిస్ అనే పేరుతో మరో బృందం ఉందని తెలియడంతో అట్ట మీద బృందం పేరు వేయలేదు. నల్లని అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో ఆల్బమ్ పేరు మాత్రమే ఉంది. తెలుగు బైబిలు మాటల్లో చెప్పాలంటే దాని అర్థం ‘ఆదికాండము నుండి ప్రకటన గ్రంథము వరకు’. దుకాణాల వారు దీనిని క్రైస్తవ భక్తిగీతాల అరలో పెట్టారని బృంద సభ్యులు తరువాతి కాలంలో చెప్పుకున్నారు. తొలి రోజుల్లో అమ్ముడైనవి ఆరువందల యాభై ప్రతులకు మించలేదని కూడా వారే చెబుతూ వచ్చారు.

హక్కులు జోనథన్ కింగ్ వద్దనే ఉండిపోవడం వల్ల ఈ పాటలు వేర్వేరు పేర్లతో, వేర్వేరు అట్టలతో ఎన్నోసార్లు మళ్లీ వెలువడ్డాయి. బృందం తన ఆల్బమ్‌లన్నిటినీ శబ్దం సరిచేసి పెట్టెలుగా విడుదల చేసినప్పుడు కూడా ఇది వాటిలో చేరలేదు. కనుక పేరు చూసి కాక, పాటల వరుస చూసి ఎంచుకోవాలి: మొదటి పాట ‘వేర్ ది సోర్ టర్న్స్ టు స్వీట్’, పదమూడోది ‘ఎ ప్లేస్ టు కాల్ మై ఓన్’ అయి ఉండాలి. ఆ తరువాత అదనపు పాటలు ఉంటే అవి విడి రికార్డుల నుంచి తెచ్చి చేర్చినవి. వాటిని ఆల్బమ్‌తో కలిపి వినకూడదు. ‘ఎ వింటర్స్ టేల్’, దాని వెనుక పక్కన ఉన్న ‘వన్ ఐడ్ హౌండ్’ వాటిలో ఉంటే, ముందుగానే ఒకసారి విని పక్కన పెట్టడం మేలు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. డెక్కా ఈ ఆల్బమ్‌ను మోనోలోనూ (రెండు చెవులకూ ఒకే శబ్దం) స్టీరియోలోనూ (ఎడమకూ కుడికీ వేర్వేరు శబ్దం) విడుదల చేసింది. పాత ఎల్.పి. రికార్డులు సేకరించేవారు సంఖ్య చూసి గుర్తుపట్టవచ్చు: మోనోకు ఎల్.కె. 4990, స్టీరియోకు ఎస్.కె.ఎల్. 4990. తరువాతి ప్రతుల్లో కొన్నిటిలో రెండు రకాలూ ఉంటాయి. మొదటి విడతకు ఏదైనా ఫరవాలేదు. రెండో విడతకు మాత్రం స్టీరియో తప్పనిసరి.

మొదటి విడత: ఆపకుండా

మొదటిసారి హెడ్‌ఫోన్ వద్దు. గదిలో స్పీకర్ల మీద, సాహిత్యం చేతిలో పట్టుకోకుండా, మొదటి నుంచి చివరి వరకు వినాలి. పాటలను దాటవేయకూడదు. కొన్ని పాటల మధ్య చిన్న చిన్న వాయిద్యపు తునకలు వంతెనల్లా ఉన్నాయి. ఒక పాటను విడిగా తీసి వింటే అవి అర్థం లేకుండా వేలాడతాయి. ఆరో పాట ‘ఇన్ ది వైల్డర్‌నెస్’ ముగిశాక రెండు మూడు నిమిషాలు ఆగండి. ఎల్.పి. రికార్డును తిరగవేయవలసిన చోటు అది. ఆ విరామం లేకపోతే రెండో పక్క మొదటి పాట ‘ది కాంకరర్’ కొత్తగా మొదలైనట్టు అనిపించదు.

ఈ విడతలో కాగితం మీద రాయవలసినది ఒక్కటే: మీ చెవి ఎక్కడ నిక్కబొడుచుకుంది, ఎక్కడ వాలిపోయింది. కారణాలు వెతకవద్దు. నా మొదటి కాగితంలో ‘ఇన్ ది బిగినింగ్’ దగ్గర ఒక గీత, ‘ది సర్పెంట్’ దగ్గర ఒకటి, ‘ఇన్ ది వైల్డర్‌నెస్’ దగ్గర రెండు పడ్డాయి. రెండో పక్కలో చాలాసేపు ఏ గీతా లేదు. ఆ ఖాళీని చూసి రెండో పక్కను తక్కువగా అంచనా వేసి తరువాత మార్చుకోవలసి వచ్చింది కనుక, మీ ఖాళీలను కూడా తొందరపడి నమ్మవద్దని చెబుతున్నాను.

బైబిలు కథను అనుసరించాలని కూడా ప్రయత్నించవద్దు. సృష్టి, సర్పం, అరణ్యం వంటి మాటలు మొదటి పక్కలో వరుసగా వస్తాయి గాని, ఆ దారం రెండో పక్కకు వచ్చేసరికి దాదాపు తెగిపోతుంది. దానికి కారణం సులువుగానే తెలుస్తుంది. పాటలు ముందే ఉన్నాయి, కథ తరువాత వచ్చింది. ‘ది సర్పెంట్’ పాటకు పూర్వరూపం ‘షీ ఈజ్ బ్యూటిఫుల్’ అనే పాట. ఆర్కైవ్ సంపుటి చివరి డిస్కులో అది ఉంది. ఒక అందగత్తె మీద కట్టిన బాణీలోకి సృష్టి కథ వచ్చి కూర్చుంది. అలాగే ‘పెట్రీషియా’ అనే మాటలు లేని వాయిద్యపు ముక్కకు సాహిత్యం చేర్చి ‘ఇన్ హైడింగ్’ చేశారు. ఈ రెండు జతలనూ పక్కపక్కన పెట్టి వింటే, కథ అనేది ఈ ఆల్బమ్‌కు పైన చుట్టిన కాగితమే తప్ప లోపలి సరుకు కాదని పది నిమిషాల్లో స్పష్టమవుతుంది.

రెండో విడత: విడదీసి వినడం

ఈ విడత కోసమే మిగిలినదంతా. బృందం తన పాటలను వాయించి ముగించిన తరువాత, కింగ్ ఆ టేపులను ఆర్థర్ గ్రీన్‌స్లేడ్ అనే వాద్య సంయోజకునికి అప్పగించి, పలు పాటలకు వయొలిన్లు, ఊదే వాద్యాలు చేర్పించాడు. గ్రీన్‌స్లేడ్ సామాన్యుడు కాదు. 1969లో యూరప్ అంతటా మారుమోగిన ఫ్రెంచ్ గాయకుడు సెర్జ్ గేన్స్‌బూర్ పాట ‘జ తేమ్ మ్వా నోన్ ప్లూ’కు వాద్య సమ్మేళనం చేసినది ఆయనే. ఆ కాలపు టేపు యంత్రాల్లో ట్రాకులు, అంటే శబ్దాన్ని విడివిడిగా నింపే వరుసలు, కొద్ది కావడంతో, కొత్త వాద్యాలకు చోటు చేయడానికి బృందం వాయించినదాన్ని కుదించి స్టీరియోలో ఒక పక్కకు తోశారు. వయొలిన్లు రెండో చెవి వైపుకు వచ్చాయి. తుది రూపం విన్నప్పుడు పిల్లలకు మనసు కష్టమైంది, అందరికన్నా ఎక్కువగా ఆంథొనీ ఫిలిప్స్‌కు. గిటార్లతో తాను జాగ్రత్తగా అల్లిన అల్లిక ఒక చెవికి పరిమితమై, తనకు తెలియని సంగీతం రెండో చెవిని నింపుతుంటే పదహారేళ్ల కుర్రవాడికి ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆనాడు వారికి బాధ కలిగించిన ఆ పద్ధతే ఈనాడు మనకు సౌకర్యంగా మారింది. రెండు చేతులూ రెండు పక్కల ఉన్నాయి కనుక, ఒక పక్కను తగ్గిస్తే రెండోది బయటపడుతుంది. పాత ఆంప్లిఫయర్ ఉన్నవారు బ్యాలెన్స్ మీట తిప్పితే సరిపోతుంది. ఫోనులో వినేవారు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ విభాగానికి వెళితే, ఎడమ కుడి శబ్దాన్ని సరిచేసే గీత ఒకటి కనిపిస్తుంది. అక్కడే ‘మోనో ఆడియో’ అనేది ఆపివేసి ఉందో లేదో కూడా చూసుకోవాలి, లేకపోతే ఈ ప్రయత్నమంతా వృథా. వయొలిన్లు ఏ పక్క ఉన్నాయో మీ ప్రతిలో మీరే ఒక పాటతో పరీక్షించుకోండి. అంతా గోడ కట్టినట్టు విడిపోతుందని ఆశించవద్దు, కొంత అటూ ఇటూ ఒలుకుతుంది. మీటను ఒకేసారి చివరికంటా తిప్పక, మొదట సగానికి, తరువాత ముప్పావుకు జరిపితే చెవి అలవాటు పడుతుంది.

మొదట ‘ఇన్ ది వైల్డర్‌నెస్’తో ప్రారంభించండి, ఎందుకంటే నా దృష్టిలో ఆల్బమ్‌లో ఇదే అన్నిటికన్నా గట్టి పాట, పైగా దీనికి సాక్ష్యం కూడా దొరుకుతుంది. ఆర్కైవ్ సంపుటి చివరి డిస్కులో వయొలిన్లు చేర్చక ముందటి ముడిరూపం ఉంది. ముందు ఆ ముడిరూపం, తరువాత ఆల్బమ్‌లోని రూపం, ఆ తరువాత బ్యాలెన్స్ జరిపిన రూపం, ఈ వరుసలో మూడుసార్లు వినాలి. ముడిరూపంలో చరణం నుంచి పల్లవిలోకి వెళ్లే మెట్టును పియానో ఒక్కటే ఎక్కిస్తుంది; గేబ్రియల్ గొంతు ఆ మెట్టు మీద కాలు ఆనించి పైకి లేస్తుంది. ఆల్బమ్ రూపంలో అదే చోట వయొలిన్లు ముందుగానే వచ్చి పల్లవిని పరిచేస్తాయి, అందువల్ల గొంతు పైకి లేచినట్టు తెలియదు. పల్లవి అదే, పాడినదీ అదే, కాని దాని ఎత్తు మాత్రం పోయింది. ఈ ఒక్క తేడా చెవికి పట్టుబడితే మిగతా పాటల్లో ఏమి వెతకాలో చెప్పనవసరం లేదు.

సినిమా పాటలు వింటూ పెరిగిన మనకు ఈ పని కొత్తది కాదు. బాణీ ఎవరిది, దానికి వాద్యాలు కూర్చినవారెవరు, చరణాల మధ్య వచ్చే సంగీతం పాటను మోస్తున్నదా, పాట మీద ఎక్కి కూర్చున్నదా అని తర్కించుకునే అలవాటు మన శ్రోతలకు ఉంది. ఆ చెవినే ఇక్కడ కూడా వాడాలి.

తరువాత ‘వన్ డే’, ‘వేర్ ది సోర్ టర్న్స్ టు స్వీట్’ పాటలను ఇదే పద్ధతిలో వినండి; వీటి ముడిరూపాలు కూడా ఆ డిస్కులోనే ఉన్నాయి. ఇక్కడ నేను న్యాయంగా ఒక మాట చెప్పాలి. వయొలిన్లు ప్రతిచోటా అపరాధులు కావు. ‘వన్ డే’ బాణీ వాటిని తీసివేసినా పెద్దగా నిలబడదు. తీపి దాని ఎముకల్లోనే ఉంది. ‘ఫైర్‌సైడ్ సాంగ్’లో సగం చోట్ల గ్రీన్‌స్లేడ్ చేయి నిజంగా సాయపడింది, ఆ బాణీలోని జోలపాట వంటి నెమ్మదికి వయొలిన్లు దుప్పటి కప్పినట్టు ఉంటాయి. ఇక ‘ది సైలెంట్ సన్’ను విడదీయడానికి శ్రమపడవద్దు. అది మొదటి నుంచీ నిర్మాతను మెప్పించడానికి కట్టిన పాట కనుక అందులో విడదీయడానికి రెండు ఇష్టాలు లేవు. పన్నెండో పాటగా దానిని ఆల్బమ్ చివరిలో ఇరికించడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ విడత చివర వయొలిన్ల బరువు అంతగా లేని ‘ఇన్ ది బిగినింగ్’, ‘ది సర్పెంట్’ వినాలి. శీర్షికకు తగ్గట్టు ‘ఆదియందు’ అన్న భావంతో ఒక హోరులో నుంచి మొదలయ్యే ‘ఇన్ ది బిగినింగ్’లో బేస్ గిటార్ ముందుండి నడిపిస్తుంది. ‘ది సర్పెంట్’లో బ్యాంక్స్ ఆర్గన్, ఫిలిప్స్ గిటార్ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటాయి. ఎవరూ జోక్యం చేసుకోకుండా వదిలివేస్తే ఈ కుర్రవాళ్లు ఎటు వెళ్లేవారో ఈ రెండింటిలో తెలుస్తుంది.

మూడో విడత: పిల్లల తప్పులను పిల్లలకే చెందనివ్వడం

రెండో విడత తరువాత ఒక ప్రమాదం ఉంది. ప్రతి లోపానికీ నిర్మాతనే బాధ్యుణ్ణి చేయాలనిపిస్తుంది. అది సరికాదు. అందుకే మూడోసారి వినేటప్పుడు కాగితం మీద మూడు నిలువు గడులు గీసి, ఒక్కో పాటకు బాణీకి, గొంతుకు, కూర్పుకు విడివిడిగా పదికి మార్కులు వేయమంటాను. ‘ఇన్ ది వైల్డర్‌నెస్’కు నేను బాణీకి తొమ్మిది, గొంతుకు ఎనిమిది, కూర్పుకు నాలుగు వేశాను. ‘ది సర్పెంట్’కు వరుసగా ఆరు, ఏడు, ఎనిమిది. ‘యామ్ ఐ వెరీ రాంగ్’లో గొంతు తప్ప దేనికీ అయిదు దాటలేదు. మార్కులు నాతో కలవనవసరం లేదు. మూడు గడుల్లోనూ ఒకే అంకె పడే పాటలు ఎంత తక్కువో చూడడమే ఇందులో ప్రయోజనం.

బృందం సొంత లోపాలు మూడింటిని ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది లయ. జాన్ సిల్వర్ డ్రమ్స్ పాట వెంట నడుస్తాయి తప్ప పాటను నెట్టవు, పైగా రికార్డింగులో అవి ఎక్కడో వెనుక గదిలో ఉన్నట్టు వినిపిస్తాయి. తరువాత డ్రమ్మర్‌గా చేరిన ఫిల్ కాలిన్స్ ఈ బృందానికి ఏమి తెచ్చాడో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. రెండోది సాహిత్యం. మనిషి, కాలం, వెలుగు, నీడ వంటి పెద్ద మాటలు చాలా ఉన్నాయి గాని, వాటిలో కళ్లకు కట్టే వస్తువు ఒక్కటీ కనిపించదు. నాలుగేళ్ల తరువాత ఇంగ్లండ్ వీధులను, అంగళ్లను, గడ్డి కోసే యంత్రాన్ని పాటల్లోకి తెచ్చిన రచయితలు వీరేనంటే నమ్మబుద్ధి కాదు. మూడోది నిర్మాణం. ఏ పాటా అయిదు నిమిషాలకు చేరదు, చాలా పాటలు చరణం, పల్లవి, చరణం, పల్లవి అన్న కొలతలోనే ఉన్నాయి. అయితే ఇక్కడ జాగ్రత్తగా వింటే ఒక సంగతి పట్టుబడుతుంది: పల్లవికి చేరకముందు వీరు అనవసరంగా ఒక మలుపు తిరుగుతారు, శ్రుతి మారుస్తారు, ఊహించని స్వరం మీద ఆగుతారు. పాప్ పాటకు అది బరువు, పెద్ద పాటకు అదే విత్తనం. ‘విండో’లో, ‘ఇన్ లింబో’లో ఈ మలుపులను లెక్కపెట్టండి, మొదటి విడతలో నేను ఖాళీగా వదిలిన రెండో పక్కకు మూడో విడతలో గీతలు పడినది ఈ రెండు పాటల వల్లనే.

గేబ్రియల్ గొంతును మాత్రం ఏ విడతలోనూ వదలవద్దు. పద్దెనిమిదేళ్లకే ఆ గొంతులో గరగర ఉంది, పగులు ఉంది, మెల్లగా పాడేటప్పుడు దగ్గరగా వచ్చి చెవిలో చెప్పే గుణం ఉంది. లేనిది వేషం ఒక్కటే. తరువాతి ఆల్బమ్‌లలో ఒకే పాటలో ముసలివాడుగా, పిల్లవాడుగా, ప్రవక్తగా మారే గాయకుడు ఇక్కడ ఇంకా ఒకే మనిషిగా పాడుతున్నాడు. చివరి పాట ‘ఎ ప్లేస్ టు కాల్ మై ఓన్’ రెండు నిమిషాలకు మించదు. పియానో పక్కన ఆ గొంతు ఒంటరిగా నిలిచే ఆ కొద్దిసేపు, ఆల్బమ్ మొత్తంలో దాపరికం లేని ఘట్టం అదేనని నాకు అనిపిస్తుంది.

తరువాత ఏమి వినాలి

మూడు విడతలూ ముగిసిన మరునాడు బృందం రెండో ఆల్బమ్ ‘ట్రెస్‌పాస్’ వినాలి. మధ్యలో జరిగినది క్లుప్తంగా ఇది: ఆల్బమ్ అమ్ముడుపోలేదు, కింగ్‌తో అనుబంధం ముగిసింది, జాన్ సిల్వర్ చదువు కోసం అమెరికా వెళ్లిపోయాడు. మిగిలిన నలుగురు, జాన్ మేహ్యూ అనే కొత్త డ్రమ్మర్‌తో కలిసి, 1969 చివర నుంచి 1970 వసంతం వరకు సర్రేలోని డోర్కింగ్ దగ్గర, మిత్రుడు రిచర్డ్ మెక్‌ఫైల్ తల్లిదండ్రులకు చెందిన ఒక పల్లెటూరి ఇంట్లో చేరి, రోజంతా సాధన చేశారు. ఆ పాటలతో 1970 అక్టోబరులో కరిజ్మా కంపెనీ ద్వారా ‘ట్రెస్‌పాస్’ వచ్చింది.

దాని నిడివి కూడా దాదాపు ముప్పావు గంటే, కాని పదమూడు పాటల స్థానంలో ఆరే పాటలున్నాయి. మొదటి పాట ‘లుకింగ్ ఫర్ సమ్‌వన్’ గేబ్రియల్ గొంతుతో, దాని కింద ఆర్గన్‌తో మొదలవుతుంది; చుట్టూ వయొలిన్లు లేవు, దారి మలుపులు తిరిగినప్పుడు ఎవరూ తొందరపెట్టడం లేదు. మూడో విడతలో మీరు లెక్కపెట్టిన మలుపులు ఇక్కడ పాట అంతటా విస్తరించి ఉంటాయి. చివరి పాట ‘ది నైఫ్’ ఒక్కటే దాదాపు తొమ్మిది నిమిషాలు. ఆంథొనీ ఫిలిప్స్ గిటార్ అల్లిక రెండు చెవుల్లోనూ పూర్తిగా వినిపించేది ఈ ఆల్బమ్‌లోనే. అది వెలువడే నాటికి అతను బృందాన్ని విడిచి వెళ్లిపోయాడు.

ఆ తరువాత ఒక్క పాట చాలు: 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’లోని మొదటి పాట ‘వాచర్ ఆఫ్ ది స్కైస్’. అందులో ఆరంభాన్ని నింపేది మెలోట్రాన్, అంటే మీట నొక్కగానే టేపు మీద ముందే రికార్డు చేసిన వయొలిన్ల వంటి శబ్దాలను వినిపించే వాయిద్యం. నాలుగేళ్ల క్రితం ఇతరులు తెచ్చి తన పాటల మీద పరిచిన శబ్దాన్ని ఇప్పుడు టోనీ బ్యాంక్స్ తన వేళ్లతో తానే పలికిస్తున్నాడు. అది తియ్యగా లేదు, భయపెట్టేలా ఉంది. దాన్ని విన్న వెంటనే, చెవిలో ఆ శబ్దం ఆరకముందే, ‘ఇన్ ది వైల్డర్‌నెస్’ ఆల్బమ్ రూపాన్ని ఈసారి బ్యాలెన్స్ మీటను మధ్యలోనే ఉంచి మరొక్కసారి వినండి.